అహరోను దూడను చేశాడా, దూడే బయటికొచ్చిందా? (నిర్గమ 32)

కొండదీపం:
బైబిల్లో నిర్గమ 32:4 ప్రకారం మోషే అన్న అహరోను జనం ఇచ్చిన బంగారు పోగులు తీసుకుని పోగరతో (చెక్కే పనిముట్టుతో) రూపం ఏర్పరచి పోత దూడను చేశాడు. 24వ వచనంలో మోషే నిలదీస్తే, బంగారాన్ని నిప్పులో వేశానంటాడు. ఆ తర్వాత హీబ్రూలో ఉన్నది "ఈ దూడ బయటికి వచ్చింది" అనే. చేసింది తాను, వాక్యంలో కర్త దూడ. విగ్రహారాధనలో అసలు పాపం ఇక్కడుంది. చేత్తో చేసినదాన్ని దానంతటదే వచ్చిందనడం!

తాళపత్రం:
పోగర అని అంత గట్టిగా అనలేం బ్రదర్. అక్కడి మాట 'ఖెరెట్'. యెషయా 8:1లో అది రాసే గంటం. కానీ 2 రాజులు 5:23లో నయమాను వెండి కట్టించిన సంచుల పేరూ ఇదే అక్షరాలతో ఉంటుంది. ముందున్న క్రియకు 'కట్టాడు' అనే అర్థమూ ఉంది. "సంచిలో కట్టాడు" అని చదివేవాళ్లున్నారు.

కొండదీపం:
సంచే అనుకోండి. "పోత దూడ" అన్న మాట ఎక్కడికి పోతుంది? పోతకు ముందు మైనంతో రూపం చెయ్యాలి, దానికి మట్టి అచ్చు కట్టాలి, మైనం కరిగించి తీసెయ్యాలి, అప్పుడు లోహం పొయ్యాలి. బంగారం కరగడానికే 1,064 డిగ్రీలు కావాలి. అచ్చు లేకుండా నిప్పులో పడేస్తే వచ్చేది ముద్ద.

తాళపత్రం:
20వ వచనంలో మోషే దాన్ని కాల్చి పొడి చేశాడు. నిండు బంగారం కాలదు కదా. చెక్క మీద రేకు తొడిగి ఉంటారు.

కొండదీపం:
ఆ చెక్కను చెక్కిందెవరు?

ఒలీవ:
అహరోను ప్రాణభయం ఎవరికీ పట్టదా? నిర్గమ 24:14లో మోషే జనాన్ని అహరోనుకు, హూరుకు అప్పగించి కొండెక్కాడు. ఆ తర్వాత హూరు ఎక్కడా కనబడడు. జనం అతన్ని చంపారని, అహరోను అది కళ్లారా చూశాడని యూదుల ధర్మగ్రంథం తల్మూదు (సన్‌హెద్రిన్ 7) చెబుతుంది.

గలిలయ:
ఇశ్రాయేలు రాజు సౌలు కూడా "జనులకు జడిసి" అన్నాడు. 1 సమూయేలు 15:24. రాజ్యం పోయింది.

కొండదీపం:
ఆ అధ్యాయంలోనే, 23లో, మొండితనం విగ్రహపూజతో సమానమన్నాడు ప్రవక్త సమూయేలు. సంఘం డబ్బు గల్లంతైన చోటల్లా వినబడేది అహరోను మాటే: "ప్రభువు నడిపించాడు, ఇలా అయింది." చచ్చింది 3 వేల మంది జనం. అహరోను ప్రధాన యాజకుడయ్యాడు!

ఒలీవ:
అదీ సంగతి. మీ గొడవ దూడతో కాదు, సంఘ కాపరులతో. మరి 1వ వచనంలో దేవతను చెయ్యమని మీద పడిందెవరు? 3లో పోగులు ఊడదీసి ఇచ్చింది "జనులందరు".

కొండదీపం:
2వ వచనం వదిలేశారేం? పోగులు తెమ్మన్నదెవరు? ద్వితీయోపదేశ 9:20 చూడండి, అహరోనును చంపేటంత కోపం వచ్చింది దేవునికి. మోషే ప్రార్థన చేశాడు గనక బతికాడు.

తాళపత్రం:
ఇద్దరూ 35వ వచనం చూడండి. "అహరోను చేసిన దూడను వారు చేశారు." హీబ్రూలో ఒకే క్రియ రెండుసార్లు: 'అసూ' జనానికి, 'అసా' అహరోనుకు.