కారం "నషాళానికి అంటడం": ఇంతకీ ఏ నరం మీదుగా?

జయనగర్:
మన బెంగళూరు గ్రూపులో వాళ్ళని ఒక చిన్న సందేహం అడగాలి. కారం ఎక్కువైతే "నషాళానికి అంటింది" అంటాం కదా, ఆ నషాళం కచ్చితంగా ఎక్కడుంది? మా అత్తగారు (కర్నూలు వైపు) నడినెత్తి అంటారు. మా ఆయనేమో కాదు, ముక్కు పైన, కనుబొమ్మల మధ్య చోటు అంటాడు. ఇంకో సంగతి, మిరపకాయ కొరికితే మండేది నాలుక కదా, నెత్తికి ఏం సంబంధం? ఇక్కడ డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మారతహళ్ళి:
మా గుంటూరులో నషాళం అంటే నేరుగా మెదడే, మధ్యలో ఎక్కడా ఆగదు 😄

బనశంకరి:
జయనగర్ గారూ, డాక్టర్ని కాదు గానీ ఇక్కడ నర్సింగ్ పిల్లలకి ఫిజియాలజీ చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి. నా లెక్కలో మీ అత్తగారూ మీ ఆయనా ఇద్దరూ రైటే. ఒకే నరం రెండు చివర్లు పట్టుకుని వాదించుకుంటున్నారు.

మెదడు నుంచి నేరుగా బయల్దేరే నాడులు 12 జతలు (పదకొండోది కొంచెం తేడా, దాని వేళ్ళు మెడ దగ్గర వెన్నుపాములో ఉంటాయి). వీటినే కపాల నాడులు అంటాం, ఒక్కోదాన్నీ దాని నంబరుతో పిలుస్తాం. వాసన, చూపు, వినికిడి లాంటివి మెదడుకి చేరవేసేవి జ్ఞాన నాడులు, కండరాల్ని కదిలించేవి చాలక నాడులు, రెండు పనులూ చేసేవి మిశ్రమ నాడులు. కంటికి రెండోది, మూడోది, నాలుగోది, ఆరోది, చెవికి ఎనిమిదోది, మెడ తిప్పడానికీ భుజం ఎగరేయడానికీ పదకొండోది. మన ముద్దకి వాటితో పెద్ద పని లేదు కాబట్టి వదిలేద్దాం.

నాలుక దగ్గరికి వద్దాం. నాలుక ముందు మూడింట రెండు వంతుల రుచి ఏడో నాడి చూసుకుంటుంది, వెనక మూడో వంతు తొమ్మిదోది, ఇంకా లోపల గొంతు మొదట్లో పదోది. కానీ అదే నాలుక ముందు భాగంలో వేడి, నొప్పి, గుచ్చుకోవడం తెలిసేది మాత్రం అయిదో నాడి వల్ల, ఆస్పత్రుల్లో ఫిఫ్త్ నర్వ్ అంటారే, అది. మిరపలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్, అది రుచి మొగ్గల జోలికి పోదు. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునే గ్రాహకం, అంటే నరం చివర వేడిని పసిగట్టే తలుపు లాంటిది, ఒకటి ఉంటుంది (టీఆర్‌పీవీ1), క్యాప్సైసిన్ సరిగ్గా దాన్నే తెరుస్తుంది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ గ్రాహకాన్ని పట్టుకుంది, 2021 వైద్య నోబెల్‌లో ఆయనకి వాటా వచ్చింది. అంటే మెదడుకి అందేది "కాలింది" అనే కబురే. మనం "నోరు మండిపోతోంది" అంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

కె.ఆర్.పురం:
అయితే మేడమ్, కారం రుచే కాదంటారా? షడ్రుచుల్లోంచి తీసేస్తే ఉగాది పచ్చడి సంగతేంటి?

బనశంకరి:
తీస్తే వగరునీ తీయాలి, ఎందుకంటే అది కూడా చాలావరకు స్పర్శే, నోరు పట్టేసినట్టు అనిపించడం. నాలుగే మిగులుతాయి. అంత అవసరం లేదండీ. "రుచి" అన్నప్పుడు మనవాళ్ళు నోట్లో జరిగేదంతా కలిపే అన్నారు, ఏడో నాడి సరిహద్దు గీసుకుని కాదు. ఇప్పటి శాస్త్రం వచ్చి పాత లెక్క తప్పు అనడం నాకు నచ్చదు, అలాగని ఆ కాలంలోనే అంతా తెలుసు అనడం అసలే నచ్చదు.

అసలు విషయం ఇంకా చెప్పలేదు. తెలుగులో "కారం" వేరు, "ఘాటు" వేరు. క్యాప్సైసిన్ ఆవిరై పైకి లేవదు కాబట్టి తిన్న మిరప మంట చాలావరకు నోట్లోనే ఉంటుంది (ఎండుమిరప పోపు మాడితే మాత్రం పొగతో పాటు లేచి ఇల్లంతా దగ్గిస్తుంది, అది వేరే). ఆవాలు అలా కాదు. వాటిని నీళ్ళు పోసి నూరినప్పుడే లోపలి ఎంజైము పనిచేసి ఘాటు పదార్థం పుడుతుంది, అది ఇట్టే ఆవిరవుతుంది, గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కుతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలకి ఆ ఘాటు రాకపోవడం, అరటికాయ కూరలో ఆవ దించాక కలపమని పెద్దవాళ్ళు చెప్పడం ఇందుకే.

ఇప్పుడు చూడండి. అయిదో నాడికి మూడు కొమ్మలు. పై కొమ్మ ముక్కు లోపలి పొరలో పైభాగానికీ, ముక్కు కొసకీ, కంటికీ, నుదుటికీ వెళ్ళి, అక్కడితో ఆగక జుట్టు కింద చర్మంలో నడినెత్తి దాకా పోతుంది. నెత్తి వెనక భాగం దానిది కాదు, అక్కడికి మెడలోని వెన్ను నాడులు వస్తాయి. ముక్కులో మొదలై మాడు దగ్గర ఆగే నాడి అన్నమాట! ఆ మాట పుట్టింది ఇందువల్లే అని నేను అనను. కానీ కొత్త ఆవకాయ మొదటి ముద్ద తిన్నప్పుడు ఘాటు ఏ దారిన పోయినట్టు అనిపిస్తుందో గుర్తు చేసుకోండి. నా మటుకు నాకు "నషాళానికి అంటింది" అనేది మిరప కంటే ఆవకే సరిగ్గా సరిపోయే మాట.

మారతహళ్ళి:
ముక్కులోకి ఎక్కింది అంటే అది వాసనే కదండీ, మొదటి నాడి?

బనశంకరి:
కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. కోవిడ్‌లో వాసన పోయినవాళ్ళని అడగండి, కాఫీ వాసన తెలియకపోయినా చాలామందికి ఆవ ఘాటుకి కళ్ళు చెమర్చేవి. అందుకే మొదటి నాడిని పరీక్షించేటప్పుడు అమ్మోనియా లాంటివి వాడరు, కళ్ళు మూయించి కాఫీపొడో లవంగమో వాసన చూపిస్తారు. బెంగళూరులో కాఫీపొడికి ఏం కొదవ! అమ్మోనియా పెడితే అయిదో నాడి గిలగిలలాడి పేషెంటు తల వెనక్కి తీసుకుంటాడు, వాసన తెలిసిందేమో అని మనం మోసపోతాం.

కళ్ళలో నీళ్ళు, ముక్కు కారడం ఏడో నాడి పని. ముఖం చిట్లించేదీ, పెదాలు సున్నాలా చుట్టి "ఉస్సు ఉస్సు" అనిపించేదీ అదే. ముద్ద నమిలే కండరాలు మళ్ళీ అయిదోదే కదిలిస్తుంది, కింది కొమ్మ ద్వారా. నాలుక బయటపెట్టేది పన్నెండోది. నెత్తిన పట్టే చెమట మాత్రం కపాల నాడుల లెక్కలోకి రాదు, దాని వ్యవస్థ వేరు.

కె.ఆర్.పురం:
మా ఆఫీసులో కన్నడ వాళ్ళు "నెత్తిగె హత్తితు" (నెత్తికెక్కింది) అంటారు, మన నషాళం అదేనేమో అనుకునేవాణ్ణి. తీరా చూస్తే వాళ్ళు నీళ్ళు తాగుతూ దగ్గినప్పుడు కూడా అదే అంటున్నారు.

బనశంకరి:
అది మన పొలమారడం అన్నా. అక్కడ అయిదోది కాదు, పదోది, వేగస్. మెతుకో నీటి చుక్కో స్వరపేటిక వైపు జారగానే అక్కడి పొరనుంచి మెదడుకి కబురు తీసుకెళ్ళేది అదే, స్వరతంత్రులు చప్పున మూసుకునేదీ దాని ఆజ్ఞతోనే. మింగడం కూడా ఎక్కువ భాగం దాని చేతిలోనే ఉంది. పక్షవాతం వచ్చినవాళ్ళకి నీళ్ళు తాగితే మాటిమాటికీ పొలమారుతుంటే ఎవరో తలుచుకుంటున్నారని సరిపెట్టుకోకుండా డాక్టరుకి చెప్పాలి. మామూలుగా పొలమారినప్పుడు నెత్తి మీద తట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, పని చేసేది దగ్గే.

జయనగర్:
థాంక్స్ మేడమ్, ఇది మా ఆయనకి పంపిస్తున్నా. అన్నట్టు అనంతపురం వైపు మా పిన్నివాళ్ళు పొలమారడాన్ని "పొరబోయింది" అంటారు. చిత్తూరు, నెల్లూరు వాళ్ళు ఏమంటారో కూడా రాయండి ఎవరైనా.