బాబాయిని ఓపెన్ ఎయిర్ జైలుకి మారుస్తారా?

మా బాబాయికి జీవిత ఖైదు పడి తొమ్మిదేళ్లయింది. సెంట్రల్ జైల్లో ఇంతవరకు ఒక్క గొడవ లేదు, పెరోల్ మీద రెండుసార్లు ఇంటికొచ్చి చెప్పిన రోజుకే తిరిగి వెళ్లాడు. ఓపెన్ ఎయిర్ జైలుకి, అదే ఎత్తైన గోడలు లేకుండా ఖైదీలు పొలం పని చేసుకునే జైలుకి, మార్చమని మేమే అడగాలా? పిన్నికి ఒకటే టెన్షన్.

కడప సుబ్బు
సూపరింటెండెంట్ గారికి అర్జీ ఇవ్వండి, కానీ ఎంపిక మాత్రం జైళ్ల శాఖదే. శిక్ష పడినవాళ్లనే తీసుకుంటారు, రిమాండ్ వాళ్లను కాదు. కొంత శిక్ష పూర్తయి ఉండాలి, ప్రవర్తన బాగుండాలి, పొలం పని చేసే శక్తి ఒంట్లో ఉండాలి. పెరోల్ నుంచి టైముకి వచ్చాడన్నది తప్పకుండా రాయండి, నమ్మకానికి అంతకంటే రుజువు ఏముంటుంది?

సీమ బిడ్డ
మా నాన్న అనంతపురం దగ్గర రెడ్డిపల్లి ఓపెన్ ఎయిర్ జైల్లో ఉన్నారు, అది 1965లో పెట్టిన జైలు. సెంట్రల్ జైల్లో ఏళ్లకేళ్లు జాలీ అవతల నుంచే చూశాను, అక్కడికి మారాకే ఆయన చెయ్యి పట్టుకున్నాను. అరచేతి నిండా పార పట్టిన కాయలు. ‘టమాటా నారు నేనే పోశానమ్మా’ అన్నారు, ఆ ముఖం ఇప్పటికీ మర్చిపోలేను.

రవి, జైపూర్
ఇక్కడ సాంగానేర్‌లో ఉన్న ఓపెన్ జైల్లో 1963 నుంచి ఖైదీలు భార్యాపిల్లలతోనే ఉంటున్నారు, పొద్దున బయటికి పనికెళ్లి సంపాదించుకుని సాయంత్రం హాజరుకి వస్తారు. మన దగ్గర కూడా ఇలా ఎందుకు పెట్టరో నాకర్థం కాదు, శిక్ష ఒకరిదైతే పిల్లలేం చేశారు?

అడిగినవాడిని
సోమవారమే అర్జీ ఇస్తాను. అన్నా సుబ్బూ, పెరోల్ కాగితాల జిరాక్స్ జతచేయాలా?