జెడ్80 బోర్డుపై ఫ్యూజిక్స్: ఇనిట్ దగ్గరే ఆగిపోతోంది

ప్రశ్న: ఫ్యూజిక్స్ (చిన్న కంప్యూటర్ల కోసం యునిక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) నడపాలని చూస్తున్నా. బోర్డు: 7.3728 మెగాహెర్ట్జ్ జెడ్80 (8-బిట్ ప్రాసెసర్), 512కె ర్యామ్, 16కె పేజీలు (పోర్టులు 78–7బి హెక్స్), సీటీసీ (టైమర్ చిప్). రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ అవుతోంది, "స్టార్టింగ్ ఇనిట్" (కెర్నల్ నడిపే మొదటి యూజర్ ప్రోగ్రామ్) తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఎక్కడ చూడాలి?

జవాబు 1: కెర్నల్ బాగానే నడిచి యూజర్ బ్యాంకు (ప్రోగ్రామ్‌కు కేటాయించిన మెమరీ ముక్క)లోకి దూకగానే చస్తోందంటే ముందు అనుమానించాల్సింది కామన్ మెమరీనే (బ్యాంకు మారినా మారకుండా ఉండే భాగం). బ్యాంకు మార్చే కోడ్, ఆ క్షణంలో వాడే స్టాక్ రెండూ సీ000 (హెక్స్) చిరునామా పైనే ఉండాలి. తర్వాత ప్రోగ్రామ్ వెక్టర్స్ రొటీన్: ప్రతి ప్రాసెస్ బ్యాంకులోనూ హెక్స్ చిరునామా 30లో సిస్టమ్ కాల్, 38లో ఇంటరప్ట్ జంప్ రాయాలి. 38 ఖాళీగా ఉంటే మొదటి టిక్ (టైమర్ ఇంటరప్ట్)కే గల్లంతు.

జవాబు 2: టిక్ ఒక్కసారే వచ్చి ఆగుతోందేమో కూడా చూడండి. ఇంటరప్ట్ హ్యాండ్లర్ రెటీ (ఇంటరప్ట్ నుంచి తిరిగొచ్చే ఇన్‌స్ట్రక్షన్)తో కాక మామూలు రెట్‌తో ముగిస్తే సీటీసీ ఇంకా సర్వీసులోనే ఉన్నాననుకుంటుంది. సీటీసీ ఛానల్ 2: ప్రీస్కేలర్ (క్లాక్‌ను ముందుగా భాగించేది) 256, కౌంట్ 144, అంటే 200 హెర్ట్జ్. దాని అవుట్‌పుట్‌ను ఛానల్ 3 క్లాక్‌కు కలిపి, కౌంటర్ మోడ్‌లో 4 పెడితే 50 హెర్ట్జ్. కాన్ఫిగ్‌లో సెకనుకు టిక్కులూ అంతే ఉండాలి, లేకపోతే గడియారం తప్పుతుంది.

జవాబు 1: హ్యాండ్లర్ మొదట్లో రిజిస్టర్లు దాచాక సీరియల్ పోర్టుకు ఒక చుక్క పంపండి. అసలు చుక్కే రాకపోతే వెక్టర్, ఒక్కటే వస్తే రెటీ.