ఆ సౌతాఫ్రికా ఆయన "జస్ట్ నౌ" అంటే ఇప్పుడా, రేపా?

గెలాక్సీ నలుపు, చీమకుర్తి:
అన్నా, అక్కా, ఎవరికన్నా ఆఫ్రికాన్స్, అదే సౌతాఫ్రికాలో మాట్లాడే భాష, తెలుసా? నేను ఇక్కడ గ్రానైట్ ఆఫీసులో ఎక్స్‌పోర్ట్ కాగితాలు చూస్తుంటా. ప్రిటోరియా బయ్యర్ ఒకాయన మొన్న పొద్దున పదకొండుకి "సైజులు జస్ట్ నౌ పంపిస్తా" అన్నాడు. ఇప్పుడేగా అని అన్నానికి కూడా లేవకుండా ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నా, సాయంత్రం ఆరైనా అతీగతీ లేదు, మా సారేమో నన్ను వాయించాడు. ఆ బయ్యర్‌తో ఫ్రైట్ (సరుకు రవాణా ఖర్చు) పెరిగింది సార్ అంటే "యా-నియ" అన్నాడు. అవునంటాడా కాదంటాడా? రాత్రి సైజులతో పాటు వాయిస్ మెసేజ్ వచ్చింది, చివర్లో "బాయ డాంకీ". గాడిదంటున్నాడా ఏంది అని ఒళ్లు మండింది.

జోబర్గ్ రిటర్న్:
హహ, గాడిద కాదు తమ్ముడూ, "చాలా థాంక్స్" అన్నాడు. డాంకీ డచ్చి మాట. బాయ అంటే చాలా, అది మలయ్ "బన్యాక్" నుంచి వచ్చింది, కేప్‌టౌన్ వైపు ఒకప్పుడు మలయ్ మాట్లాడే బానిసలు ఉండేవాళ్లు. ఇక నీ "జస్ట్ నౌ" చూడ్డానికే ఇంగ్లిష్, లోపలున్నది ఆఫ్రికాన్స్ "నెట్‌నో". కాసేపాగి, వీలు చూసుకుని అని. ఇంకాస్త త్వరగా అయితే "నౌ నౌ" అంటారు. ఈ నిమిషమే కావాలంటే "రైట్ నౌ" అని అడుగు. ఆయన పెద్దాయనైతే "ఊమ్" అను, మన బాబాయ్ లాగా, చుట్టరికం అక్కర్లా.

కావలి కోడలు:
మనమేమన్నా తక్కువా? మా ఆయన "బిట్రగుంట దాటేశా, అన్నం పెట్టు" అంటాడు, వెనకాల నెల్లూరు స్టేషన్ అనౌన్స్‌మెంట్ నాకు శుభ్రంగా వినిపిస్తా ఉంటుంది.

జోబర్గ్ రిటర్న్:
అక్కా, సూపర్ 😂 యా-నియ సంగతి మర్చిపోయా. మాటకి మాట చూస్తే అవును-కాదు, కానీ వాడేది "అదేలే, ఏం చేస్తాం" అన్నట్టు. నీ మాట కాదనలేదు, అలాగని పెరిగిన ఫ్రైట్ ఇస్తానని కూడా అన్లేదు. బిల్లులో వేసేముందు విడిగా అడిగి రాయించుకో.

గెలాక్సీ నలుపు, చీమకుర్తి:
థాంక్స్ అన్నా. ఫ్రైట్ సంగతి రైట్ నౌ తేల్చండి ఊమ్ అని పెట్టా. "నౌ నౌ" అని వచ్చింది. టీ తాగొస్తా.