సర్కారు బడికి సాయం: డబ్బు ఎవరి చేతికివ్వాలి?

ప్రశ్న: చిన్నప్పుడు ఒకే బడిలో అక్షరాలు దిద్దిన పదిహేనుమందిమి కలిసి, ఊళ్లో ఆ ప్రాథమిక పాఠశాల కోసం చందాలు పోగేశాం. హెడ్మాస్టరుగారికే ఇచ్చేద్దామని కొందరు, సర్పంచ్ గారికని కొందరు. వారం నుంచి ఇదే రగడ. టీచర్లెవరైనా చెప్పండి.

జవాబు: ఇద్దరి చేతికీ వద్దు తమ్ముడూ. నోట్లు చేతిలో పెడితే హెడ్మాస్టరుగారికే టెన్షన్, రేపు ఎవరో ఒకరు లెక్క అడుగుతారు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కింద సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉంటుంది. అందులో కనీసం ముప్పాతిక మంది పిల్లల తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్లుండాలి. ప్రభుత్వ నిధులే కాదు, ఇంకెక్కడి నుంచి డబ్బొచ్చినా దాని ఖర్చు మీద కన్నేసి ఉంచే పని ఆ కమిటీదే. మీటింగులో తీర్మానం రాయించి బడి ఖాతాలో వేయండి. లేదా వస్తువులే కొని, బిల్లుతో సహా అప్పగించి స్టాక్ రిజిస్టర్లో, అంటే బడి వస్తువుల లెక్క పుస్తకంలో, ఎక్కించండి. నన్నడిగితే రెండోదే మేలు.

ప్రశ్న: థాంక్స్ అన్నా. కథల పుస్తకాలు కొందామనుకుంటున్నాం.

మరో జవాబు: మెలికంతా ఆ స్టాక్ రిజిస్టర్లోనే ఉంది బాబూ. మా బడికి ఎవరో పుణ్యాత్ములు పుస్తకాలిచ్చారు. ఏడాదిపాటు బీరువాలోంచి బయటికి రాలేదు, పైనున్న ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. చిరిగితే జవాబు చెప్పాల్సింది నేనేగా, తాళం వేసింది కూడా నేనే! చివరికి తల్లులే అడిగారు. వాడకంలో చిరిగినవి రిజిస్టర్లోంచి కొట్టేయొచ్చని కమిటీలో తీర్మానం రాసుకున్నాం. క్లాసులో తాడు కట్టి పుస్తకాలు బట్టల్లా ఆరేశాం, పిల్లల చేతికందే ఎత్తులో. ఒకటో తరగతి పిల్ల ఒకతి పుస్తకం తలకిందులుగా పట్టుకుని, బొమ్మలు చూపిస్తూ పక్కవాడికి సొంత కథ చెప్పేది. మీరిచ్చేటప్పుడే, చిరిగినవి కొట్టేయొచ్చన్న మాట తీర్మానంలో రాయించండి. బొమ్మలెక్కువ, అక్షరాలు తక్కువ ఉన్నవి చూడండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగానే ఉన్నాయి, నచ్చినవి ప్రింటు తీయించొచ్చు.

ప్రశ్న: మరి మిగిలిన డబ్బుతో చేతులు కడుక్కునే కుళాయిలు పెట్టిస్తే?

జవాబు: ముందు బడి అభివృద్ధి ప్రణాళిక చూపించమనండి, ఆ విద్యాహక్కు చట్టమే 22వ సెక్షన్ ప్రకారం కమిటీయే తయారుచేయాలి. అందులో కుళాయిలుంటే సరే. మేస్త్రీ మాత్రం తన నడుము ఎత్తుకి బిగించేస్తాడు, చిన్నపిల్లలు ఇటుక మీద నిలబడాల్సి వస్తుంది. ఒకటో తరగతి పిల్లాణ్ని పక్కన నిలబెట్టి గోడ మీద గీత గీయించండి. వాషరు పోతే మార్పించేదెవరో కూడా ఆ రోజే తేల్చుకోండి.