ఉగాది ముగ్గులో పసుపు ఎర్రగా మారిపోతోంది, చుక్కలు ఒరిగిపోతున్నాయి. ఏం చేయాలి?

ప్రశ్న (విజయనగరం, కంటోన్మెంట్):
అందరికీ నమస్తే. గురువారం ఉగాదికి గేటు ముందు రంగుల ముగ్గు వేద్దామని మొన్న ఆదివారం ట్రయల్ వేశాను. 15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్కలు. మధ్యలో కలశం, చుట్టూ మామిడాకులు. రంగు కొనడమెందుకని కలశానికి ఇంట్లో పసుపే ముగ్గుపిండిలో కలిపి చల్లాను. కాసేపటికే ఇటుక రంగుకి తిరిగిపోయింది. మా అత్తగారు చూసి "ఇత్తడి కలశం వేస్తానని రాగి చెంబు వేశావేటి?" అని ఒకటే నవ్వు. పైగా మొదటి వరస బాగానే పెట్టినా, పైకి వెళ్లేకొద్దీ చుక్కలు కుడివైపు ఒరిగిపోతున్నాయి. అక్కడ ఈమధ్యే సిమెంటు చేయించాం, ముగ్గు వేసేముందు సర్ఫుతో శుభ్రంగా కడిగాను కూడా. వచ్చే సంవత్సరం పేరే పరాభవ, నాకు ముగ్గు దగ్గరే జరిగిపోయేలా ఉంది. టెన్షన్‌గా ఉంది, చెప్పండి.

శ్రీకాకుళం నుంచి:
చెల్లీ, శుభ్రంగా కడగడమే కొంప ముంచింది. తెల్ల చొక్కా మీద కూర మరకకి సబ్బు తగలగానే ఎర్రబడుతుంది కదా, ఇదీ అదే. దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా చేస్తాం? పసుపు నీళ్లలో సున్నం వేసే కదా. సర్ఫు, కొత్త సిమెంటు, సున్నం కలిసిన ముగ్గుపిండి, ఈ మూడింటిలో ఏది తగిలినా తడి మీద పసుపు ఎర్రబడుతుంది. నీకు మూడూ ఒకేచోట దొరికినట్టున్నాయి.

బుధవారం సాయంత్రం ఉత్త నీళ్లతో రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరనివ్వు. పసుపుని ముగ్గుపిండిలో కాకుండా బియ్యప్పిండిలో కలుపు. వేసేముందు స్టీలు పళ్లెంలో చిటికెడు వేసి రెండు నీటిచుక్కలు వదిలి చూడు. రంగు మారకపోతే పిండి మంచిదే. కానీ పళ్లెం బాగుంది కదా అని నేలని నమ్మేయకు, గేటు పక్కన ఒక మూల కూడా కాస్త చల్లి చూసుకో.

బొబ్బిలి నుంచి:
బియ్యప్పిండి వేస్తే తెల్లారేసరికి చీమల బారే. పుణ్యమే అనుకో, కానీ కలశం మిగలదు. నేనైతే గంటస్తంభం దగ్గర బజార్లో పసుపు రంగు పొట్లం కొనేస్తాను. ఒక గ్లాసు రంగుకి మూడు నాలుగు గ్లాసులు జల్లించిన సన్న ఇసుక కలిపితే చేతిలోంచి జారడం బాగుంటుంది. వీడియోల్లో ఉప్పు కలపమంటారు, కలపకు. మన వైపు గాలికి రాత్రికి రాత్రే చెమ్మ పట్టి ముద్ద కడుతుంది.

శ్రీకాకుళం నుంచి:
చీమల సంగతి నిజమే. రాత్రి కాకుండా తెల్లవారుజామున వేసుకుంటే కొంత నయం.

పార్వతీపురం నుంచి:
చుక్కల సంగతి ఎవరూ చెప్పలేదు. కిందనుంచి పైకి పెట్టుకుంటూ వెళ్తున్నావు కదూ? అక్కడే వస్తుంది తంటా. సందు చుక్క రెండింటి నడిమధ్యన పడాలి. ప్రతి వరసలో గింజంత పక్కకి జరిగినా, ఏడెనిమిది వరసలకి అరచెయ్యంత అయిపోతుంది. ముందు నడుమ ఉండే 15 చుక్కల వరస పెట్టు. సుద్ద రాసిన దారం ఇద్దరు చెరోవైపు లాగి పట్టుకుని ఒక్కసారి వదిలితే నేల మీద గీత పడుతుంది. ఎనిమిదో చుక్క మీదుగా నిలువుగా ఇంకో గీత కొట్టు. ఆ తర్వాత పైన ఒక వరస, కింద ఒక వరస. 14 చుక్కల వరసలో నిలువు గీతకి అటు ఏడు, ఇటు ఏడు రావాలి. 13 దాంట్లో మధ్య చుక్క సరిగ్గా గీత మీదే పడాలి. తప్పితే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

చుక్కకీ చుక్కకీ 4 అంగుళాలైతే వరసకీ వరసకీ మూడున్నర చాలు. అక్కడా నాలుగే పెడితే ముగ్గు నిలువుగా సాగిపోతుంది. మొత్తం 15 వరసలు, 169 చుక్కలు. అడ్డం 56 అంగుళాలు వస్తుంది, గేటు ముందు అంత చోటుందో లేదో ముందే కొలుచుకో. చోటు లేకపోతే 7 చుక్కలు 4 దాకా వేసుకో, 37 చుక్కలతో అయిపోతుంది. నన్నడిగితే రంగులకి అదే ముద్దు.

ఇంకోమాట. ముందు పల్చగా గీత గీసుకుని, రంగు నింపి, చివర్లో తెల్లపిండితో దాని మీదే మళ్లీ గీయి. అంచులు కత్తిరించినట్టు వస్తాయి. నింపడం మధ్యలోంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ రా, లేకపోతే చీర కుచ్చిళ్లే తుడిచేస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
అక్కలందరికీ థాంక్స్. పళ్లెంలో రెండూ వేసి చూశాను. ముగ్గుపిండిలో కలిపింది వెంటనే ఎర్రబడింది, బియ్యప్పిండిది పసుప్పచ్చగానే ఉంది. గేటు మూల మాత్రం ఇంకా ఎర్రగానే వస్తోంది, అంటే సిమెంటు పచ్చిగానే ఉన్నట్టుంది. అందుకని రంగు పొట్లమే తెచ్చేశాను. గేటు ముందు కొలిస్తే 50 అంగుళాలే ఉంది, కాబట్టి 7 చుక్కల ముగ్గే. దారం ఒక కొస అత్తగారు పట్టుకుంటానన్నారు, 37 చుక్కలూ తనే లెక్కపెడతారట.