సోఫిస్టును "వితండవాది" అని రాయొచ్చా?

హంటర్‌రోడ్_తెలుగు:
హన్మకొండల డిగ్రీ పిల్లలకు గ్రీకుల రెటరిక్ (జనాన్ని ఒప్పించేటట్టు మాట్లాడే విద్య) మీద గంట క్లాసు. నోట్సుల రెటరిక్‌ను "అలంకారశాస్త్రం" అని, సోఫిస్టులను (పైసలు తీసుకొని వాదించుడు నేర్పిన గ్రీకు గురువులు) "వితండవాదులు" అని పెట్టిన. సరిపోతయా? ప్లేటోకు వాళ్ల మీద ఎందుకంత కోపమో ఒక్క ఉదాహరణతోటి తెలవాలె. చివర్ల ఏథెన్స్ కోర్టు లెక్క వాదన పెడదామనుకుంటున్న, ఒక్కొక్కరికి ఎంతసేపు ఇచ్చేటోళ్లు?

మెట్టుగుట్ట:
రెండు మాటలూ తీసేయండి. అలంకారశాస్త్రం కావ్యానికి సంబంధించింది. రెటరిక్ పుట్టింది దావాలల్ల. క్రీ.పూ. 460లల్ల సిసిలీ దీవిల గ్రీకు పట్నం సిరక్యూస్‌ల నియంతల పాలన కూలినంక, గుంజుకున్న భూముల కోసం జనం కోర్టుకెక్కిన్రు. కొరాక్స్, టిసియాస్ అక్కడనే ఈ విద్య మొదలువెట్టిన్రని పాతకాలపు మాట. ఏథెన్స్‌ల ఎవరి కేసు వాళ్లే చెప్పుకోవాలె. చాతకానోళ్లు పైసలిచ్చి ప్రసంగం రాయించుకొని, బట్టీపట్టి ఒప్పజెప్పేది. గురువులకు గిరాకీ అందుకే. "వక్తృత్వ విద్య" అనుకుంటే నడుస్తది.

ఇగ వితండ. మనం మొండిగ వాదించేటోణ్ణి వితండవాది అంటం గాని, తర్కం మీద పాత సంస్కృత గ్రంథం న్యాయసూత్రాల లెక్క వేరు. నిజం తేల్చుకునేతందుకు చేసేది వాదం. గెలుపు కోసం ఛలం (మాటకు వేరే అర్థం తీసుడు), జాతి (పైపై పోలికతోటి తప్పుడు ఆక్షేపణ), నిగ్రహస్థానం (ఓడినట్టు చూపే తప్పు) వాడుకుంట తన పక్షం నిలబెట్టేది జల్పం. తన పక్షమంటూ ఏదీ పెట్టకుండ ఎదుటోని మాట పడగొట్టుడే వితండ. కోర్టుల తన పక్షం గెలిపించే సోఫిస్టు జల్పానికి దగ్గర. "నాకేం తెల్వదు" అనుకుంట అందరి జవాబులు విరగ్గొట్టే సోక్రటీసే పైపైన జూస్తే వితండ చేసినట్టు కనవడతడు!

చెరువుకట్ట_చదువరి:
సోక్రటీసు సంగతి ఒప్పుకోను. ఆయన అడిగేది నిజం కోసం, కాబట్టి రూపం వితండ అయినా ఉద్దేశం వాదమే. పిల్లలకు ఈ పేచీనే ఇయ్యండి, పది నిమిషాలు మంచిగ నడుస్తది.

ప్లేటో ఉదాహరణ "గోర్గియాస్" సంభాషణల ఉన్నది: డాక్టరు, వంటోడు ఇద్దరూ చిన్నపిల్లల ముందల, ఏ తిండి మంచిదో నాకే ఎరుక అని పోటీ పడితే డాక్టరు పస్తుండి సావాలె. ఒంటికి వైద్యం అసలుది, రుచి కోసం వండుడు దాని నకలు. ఆత్మకు న్యాయం అసలుది, వక్తృత్వం దాని నకలు. ఇక్కడనే ఆపితే మాత్రం పిల్లలు తప్పుగ రాస్తరు. అదే ప్లేటో "ఫెడ్రస్"ల, వినేటోళ్ల ఆత్మలు ఎన్ని రకాలో తెలిసి మాట్లాడితే అది నిజమైన విద్యే అంటడు.

ఇంకో చిక్కు ఏథెన్స్ వక్తృత్వ గురువు ఐసోక్రటీసు. ఆయన ప్రసంగాలు నేర్పుకుంటనే తన బడి చదువును "ఫిలాసఫీ" అన్నడు. సోఫిస్టులను ఆయన కూడా తిట్టిండు. అంటే "ఫిలాసఫీ" అన్న పేరు ఎవరిదన్నదే కొట్లాట. తత్వవేత్తలు ఒకదిక్కు, వక్తలు ఒకదిక్కు అని బోర్డు మీద రెండు గడులు గీస్తే ఐసోక్రటీసు దేంట్లనూ పట్టడు.

అరిస్టాటిల్ ఎన్థిమీమ్‌కు (ఒక మెట్టు చెప్పకుండ వదిలేసే వాదన) మన మాటే చాలు: "చెరువు నిండింది, ఈసారి వరికి ఢోకా లేదు." చెరువు నిండితే పంట పండుతదన్న నడిమి మాట వినేటోడే నింపుకుంటడు. న్యాయసూత్రాలల్ల అయితే ప్రతిజ్ఞ (రుజువు చేయాల్సిన మాట), హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (దాన్ని ఇక్కడికి అన్వయించుడు), నిగమనం (తేలిన మాట) ఐదూ చెప్పాలె. ఎనుమాముల మార్కెట్ల ఐదు మెట్లు చెప్పుకుంట బేరం జేస్తే మిర్చి బస్తా లేవదు.

మెట్టుగుట్ట:
ఉద్దేశం మాట ఒప్పుకుంటున్న.

టైం సంగతి: నీళ్ల గడియారం. ఏథెన్స్ అగోరాల (ఊరి నడిమి సంత మైదానం) దొరికిన గడియారం కుండ రెండు ఖోయెస్‌ది (పాత గ్రీకు కొలత), అంటే 6.4 లీటర్లు, ఆరు నిమిషాలల్ల ఖాళీ అయితది. 5,000 ద్రక్మాలు (గ్రీకు వెండి నాణేలు) దాటిన దావాకు మొదటి ప్రసంగానికి 10 ఖోయెస్, రెండోదానికి 3. చట్టం, సాక్ష్యం చదివేటప్పుడు నీళ్లు ఆపేటోళ్లు.

క్లాసుకు ప్లాస్టిక్ బకెట్ కింది అంచున 4 మి.మీ. బొక్క కొట్టి, కొలిచి 6.4 లీటర్లు పోయండి. ఆరు నిమిషాలు దాటితే బొక్క కొద్దికొద్దిగ పెంచండి. ఒక్కసారే పెద్దది కొడితే బకెట్ పోయినట్టే. సగం నీళ్లు మూడు నిమిషాలని లెక్కేయొద్దు. మట్టం తగ్గినకొద్ది ధార సన్నగయితది, పై సగం తొందరగ పోతది. నీళ్లు వడగట్టకపోతే నలుసు అడ్డంబడి ఒకరికి రెండు నిమిషాలు ఎక్కువొస్తయి, ఓడినోళ్లు పంచాయితీ పెడతరు.

హంటర్‌రోడ్_తెలుగు:
మంచిగ చెప్పిన్రు. "జల్పం" అనే పెడుత, పక్కన సోక్రటీసు పేచీ. జూరీ ఎంతమంది?

చెరువుకట్ట_చదువరి:
ప్రైవేటు దావాలకు 201 లేదా 401, ప్రజలందరికీ సంబంధించిన దావాలకు 501. మీరు బేసి సంఖ్య పెట్టుకోండి. ఓట్లు సమానమైతే ప్రతివాది గెలిచినట్టే. ఒక్కొక్కరికి రెండు కంచు బిళ్లలు: నడిమి కడ్డీకి బొక్క ఉన్నది వాదికి, లేనిది ప్రతివాదికి. బొటనవేలు, చూపుడువేలు నడుమ పట్టుకుంటే ఏది ఏసిన్రో పక్కోనికి తెల్వది. జూరీ వాళ్లు కూసొని మాట్లాడుకునుడు లేదు, ప్రసంగాలు కాంగనే ఓటు. ఇది ముందే చెప్పండి, లేకుంటే మనోళ్లు గంటంత చర్చలనే గడుపుతరు.